ఎవ్వరూ ఊడ్వని జాగా

మా తమ్ముడు లారీ నడిపే రోజుల్లో మా ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా హారన్ కొట్టేవాడు. పీ పీ అని రెండుసార్లు, పొట్టిగా. "అక్కా, మంచిగనే ఉన్న" అని దాని అర్థం. నేను పొయ్యి దగ్గరున్నా, పెరట్లో బట్టలు పిండుతున్నా, "మెల్లగ పోరా గాడిదా" అని తిట్టేదాన్ని. వాడికి వినపడదని తెలుసు. అయినా తిట్టకపోతే నాకు ఆ పూట గడిచేది కాదు. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి పెంచింది నేనే. పెంచినదానికి తిట్టే హక్కు కూడా ఉంటుందని నా నమ్మకం.

డెబ్బయిల మొదట్లో మాట ఇది. పటాన్‌చెరు చుట్టూ జొన్నచేల మధ్య ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. ఊళ్ళో వయసున్న మగవాళ్ళంతా షిఫ్టు, ఓటీ, సూపర్‌వైజర్ అని కొత్త మాటలు నేర్చుకుంటున్నారు. మా ఆయనకూ అందులోనే ఒక ఫ్యాక్టరీలో పని. మా అత్తగారి ఊరు పటాన్‌చెరు దాటి సంగారెడ్డి పోయే దారిలో, సడక్ పక్కనే. పక్కనే అంటే నిజంగా పక్కనే. గడప దిగితే కాస్త మొరం నేల, అది దాటితే తారు.

ఈ లారీల కోసమే సడక్ వెడల్పు చేశారు. అప్పుడు ఇళ్ళ ముందరి గోడలు కూల్చారు. మాకూ పక్కింటికీ మధ్యనున్న గోడ కూడా పునాది రాళ్ళతో సహా పోయింది. ఇక అది ఎక్కడుండేదో చెప్పే ఆనవాలు లేదు. రెండిళ్ళ మధ్య ఒక ఎడ్లబండి నిలబెట్టేంత జాగా మిగిలింది. అది మాదని మా అత్తమ్మ, కాదు తమదని పక్కింటి పెద్దమ్మ. ఇద్దరూ ఒక ఈడువాళ్ళే, ఒక ఏడాదే కాపురానికి వచ్చినవాళ్ళే. అంతకుముందు ఒకరింట్లో కూర ఉడికితే ఇంకొకరింట్లో గిన్నె సిద్ధంగా ఉండేదట. నేను కోడలిగా వచ్చేసరికి ఆ గిన్నెలు తిరగడం ఎప్పుడో మానేశాయి.

ఊరి పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. "సర్కారు అమీన్ వచ్చి కొలిచేదాక ఆ జాగల ఎవ్వలు చీపురు పెట్టొద్దు. ఎవలు ముందుగాల ఊడిస్తె వాళ్లు తప్పు చేసినట్టు, జాగ రెండోవాళ్లది." ఏం తీర్పో ఏమో! అమీన్ రానే లేదు. వీళ్ళు మాత్రం ఆ తీర్పును నెత్తిన పెట్టుకున్నారు. పొద్దున్నే ఇద్దరూ తమ తమ వాకిళ్ళు ఊడ్చి, సాన్పు చల్లి, ఆ జాగా అంచుకు రాగానే చీపురు పైకెత్తేవాళ్ళు. పేడనీళ్ళ చుక్క కూడా అవతల పడకూడదు. ఎదుటామె చీపురు ఒక్కసారైనా జారుతుందేమోనని ఇద్దరికీ ఆశ. ఆ ఆశతోనే తెల్లారేది, ఆ ఆశతోనే పొద్దుగూకేది.

వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. మా అత్తమ్మ తన కోడిపుంజును తిట్టేది. పెద్దమ్మ తన బర్రెతో జవాబు చెప్పేది. "ఇతరుల జాగ మీద కన్నేస్తె కండ్లు పోతయే" అని ఆ నోరులేని పుంజుకు మా అత్తమ్మ బుద్ధి చెబుతుంటే నాకు నవ్వాగేది కాదు. నవ్వితే తిట్లు నాకు పడేవి.

ఆ జాగాలోకి ఒక ముసలాయన వచ్చి చేరాడు. కొండాపూర్ దిక్కు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. సీతాఫలాల కాలంలో సీతాఫలాలు, చలికాలం రేగ్గాయలు, ఎండాకాలం ముంజలు. బస్సులు ఆగేది అక్కడే కాబట్టి ఆయన కళ్ళు సరిగ్గా ఆ జాగా మీద పడ్డాయి. మొదటి రోజు గోనెపట్ట చేత్తో పట్టుకుని నిలబడి, ఎవరిని అడగాలో తెలియక రెండిళ్ళనూ మార్చి మార్చి చూశాడు. మా అత్తమ్మ గబగబా బయటికి వచ్చింది. "కూసో. ఎవలన్న అడుగుతె నేను కూసోమన్నని చెప్పు" అంది. ఈమె లోపలికి రాగానే పెద్దమ్మ వెళ్ళి అక్షరం మారకుండా అదే మాట అంది. పెద్దల తీర్పు చీపురు గురించే గాని మనిషి కూర్చోవడం గురించి కాదు గదా!

"ఊర్ల ఒక్క దొరసాని దయ దొరకాలంటేనే పరేషాన్ అయితది బిడ్డా. నాకు ఇద్దరున్నరు" అని ఆయన నాతో అనేవాడు. నోట్లో పళ్ళు తక్కువ, నవ్వు ఎక్కువ. లారీ హారన్ వినపడితే మాత్రం బెదిరేవాడు. సడక్ మీద ఎక్కడున్నా సరే, ఉరికొచ్చి తన గోనెపట్ట దగ్గర నిలబడేవాడు. అక్కడ నిలబడితే ఇక ఏ లారీ ఏమీ చేయలేదని ఆయన ధీమా.

ఆ రోజు మా ఆయన షిఫ్టుకు పోయాక నేను పొద్దుటి రొట్టెలు చేస్తున్నాను. పటాన్‌చెరు వైపు నుంచి లారీ చప్పుడు వచ్చింది. మా వాడిదే, గుర్తుపడతాను. రెండు హారన్‌ల కోసం తిట్టు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. రెండు రాలేదు. ఒక్కటే వచ్చింది. పొడుగ్గా, ఆగకుండా. ఆ వెంటనే టైర్లు నేలను గీరుకున్న చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఉరికి బయటికి వచ్చాను. మా వాకిట్లో సగం, సడక్ మీద సగం లారీ నిలబడి ఉంది. దాని ముందర ముసలాయన పడి ఉన్నాడు. సీతాఫలాలు చితికిపోయి దారంతా తెల్లగా పరుచుకున్నాయి. మా తమ్ముడు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని "తాతా, తాతా" అంటున్నాడు. 

ఊపిరి ఉందని ఎవరో అన్నారు. వెనకే వచ్చిన బస్సులో ఆయన్ను పడుకోబెట్టి సంగారెడ్డి దవాఖానకు పంపారు. లారీ అడ్డంగా ఉందని క్లీనర్ దాన్ని తీసి ఊరి చివర నిలబెట్టాడు. అంతలో జనం పోగయ్యారు. పోగయ్యాక ఊరుకుంటారా? "డ్రైవర్‌ను కొట్టండి" అన్నాడొకడు. మా అత్తమ్మ మా వాణ్ణి రెక్క పట్టి ఇంట్లోకి లాగి, వంటింట్లో పెట్టి గొళ్ళెం వేసింది. రోకలి తెచ్చుకుని గడప మీద కూర్చుంది. "కోడలి తమ్ముడంటే నాకు కొడుకసోంటోడు. ఎవలొస్తరో రాండ్రి" అంది. ఆ రోకలిని చూసి ఎవరూ రాలేదు.

కిటికీలోంచి మా వాడు నాతో చెప్పాడు. "తాత సడక్ నడిమిట్ల ఉండె అక్కా. దూరంనుంచే సూసిన. హారన్ కొట్టి, బ్రేకేసి, ఎడమకు తిప్పిన. ఆయన అవతలికి పోతడనుకున్న. ఎనుకకు మర్లి తన జాగ దిక్కే ఉరికొచ్చిండు. నా లారి ముంగటికే వచ్చిండక్కా."

నాకు అర్థమైంది. హారన్ వినగానే ఆయన రోజూ ఉరికే చోటికే ఉరికాడు. కాని నాకు అర్థమైతే ఏం లాభం? పక్కింటి పెద్దమ్మ అరుగు మీద నిలబడి అప్పటికే అనేసింది, "అక్క ఇల్లు సూస్కుంట నడిపిండు. రోజు హారన్ కొట్టుకుంట ఈ దిక్కే సూస్తడు. ముంగట సూస్తె గద బ్రేకేసేది!" అని. ఆ మాటను జనం పట్టుకున్నారు. మధ్యాహ్నానికల్లా, పొలంలో ఉండి ఏమీ చూడనివాడు కూడా మా వాడు నా మొహం చూస్తూ లారీ నడిపాడని కళ్ళారా చూసినట్టు చెబుతున్నాడు.

పొద్దు తిరిగాక బస్సు వెనక్కి వచ్చింది. ముసలాయన దారిలోనే పోయాడని కండక్టర్ చెప్పాడు. ఆయన భార్యకు కబురు పోయిందనీ, ఆమె ఈ దారినే వస్తుందనీ చెప్పాడు.

మా అత్తమ్మ రోకలి పక్కన పెట్టింది. వాకిట్లో నెత్తురు మరక వైపు చూసింది. "ఆ ముసల్ది గిది సూడొద్దు" అని, బకెట్టులో పేడ కలిపి, వాకిలంతా ఊడ్చి సాన్పు చల్లింది. తారు మీద కూడా కడిగింది. చితికిన పండ్లన్నీ ఎత్తి దూరంగా పారబోసింది. ఏడుస్తూనే చేసింది. ఈమె చేస్తే ఆమె ఊరుకుంటుందా? పెద్దమ్మ కూడా బకెట్టు తెచ్చి తన ఇంటి ముందంతా శుభ్రంగా కడిగేసింది. ఆమె కూడా ఏడుస్తూనే చేసింది. ఇద్దరూ నడుమ జాగా అంచుకు రాగానే, ఎప్పటిలాగే, చీపురు పైకెత్తారు.

అప్పుడొచ్చింది పోలీసు జీపు.

పొద్దున్నుంచి మా వాణ్ణి ఉరి తీయాలని అరిచిన మగవాళ్ళు జీపు కనపడగానే ఎటు పోయారో! పోలీసులు ఏం రాయాలన్నా ఊరివాళ్ళను ఇద్దరిని పంచులుగా నిలబెట్టి, వాళ్ళ ముందే చూసి, కొలిచి, వాళ్ళ వేలిముద్రలు తీసుకోవాలి. వేలిముద్ర వేసినవాడు తర్వాత కోర్టు చుట్టూ తిరగాలి. అది అందరికీ తెలుసు. దొరికింది ఇద్దరే. ఒకాయన చింతచెట్టు కింద సగం గడ్డం గీయించుకుని ఉన్నాడు, లేచి ఉరకలేకపోయాడు. రెండో ఆయన ఆ గడ్డం గీస్తున్న మంగలి. జవాను ఇద్దరినీ తీసుకొచ్చి నిలబెట్టాడు. మొదటాయన మొహానికి ఒకవైపు సబ్బు నురగ అలాగే ఉంది.

ఎస్సై సన్నటి మనిషి, మీసాలు మాత్రం మనిషికి మించినవి. జవాను చేతికి టేపు ఇచ్చి, "కొలువు" అన్నాడు. జవాను ఏం కొలవాలో తెలియక చుట్టూ చూశాడు. ఎస్సై కూడా చూశాడు. నెత్తురు లేదు. టైర్ల జాడ లేదు. పండ్లు లేవు. లారీ లేదు. నేల పచ్చగా, తడిగా, పేడవాసనతో ఘుమఘుమలాడుతోంది.

"ఎవలమ్మా గీ పని చేసింది?" అన్నాడు నెత్తి పట్టుకుని. "నేను బండి గుద్దిన మౌకా సూడ వచ్చిన్నా, పెండ్లికి వచ్చిన్నా? ఇగ ముగ్గొక్కటే తక్కువైంది!"

"మనిషి సచ్చిన రోజు ముగ్గేస్తరా సారూ? గంత ఎరుక లేదా?" అంది మా అత్తమ్మ.

ఎస్సై మా అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు. నేనే తెచ్చి ఇచ్చాను. తాగి, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "మనుషులు అబద్ధం చెప్తరు, నేల చెప్పది. బ్రేకు ఎక్కడ పడ్డదో, బండి ఎటు తిరిగిందో, మనిషి ఎక్కడ పడ్డడో అంత నేల మీద ఉంటది. మీరు దాని నోట్ల పెండనీళ్లు పోసి మూసిండ్రు."

"డ్రైవర్ ఏడి?" అన్నాడు తర్వాత.

"ఏ డ్రైవర్?" అంది మా అత్తమ్మ, లోకంలో డ్రైవర్లనేవాళ్ళే ఉండరన్నట్టు.

లోపలినుంచి మా వాడే, "నేను గీడున్న సార్, గొళ్ళెం తియ్యమనుండ్రి" అని అరిచాడు. వట్టి అమాయకుడు. మా అత్తమ్మ వాడి దిక్కు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

వాడు బయటికి వచ్చి, నాతో చెప్పిందే చెప్పాడు. ఎస్సై విన్నాడు. "నువ్వు బ్రేకేసిన అంటున్నవ్. ఊరంత ఏయలేదు, అక్కను సూస్తున్నడు అంటున్నరు. ఏసినవనేటందుకు నాకేం కనిపిస్తది గీడ?" అన్నాడు. అంటూనే లేచి, చేతులు వెనక కట్టుకుని, పక్కింటి ముందు నుంచి మా ఇంటి వైపు నడిచాడు. నడిచి నడిచి, ఆ రెండిళ్ళ నడుమ ఆగాడు. వంగాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

అక్కడ మొరం ఎండుగా ఉంది. చీపురు తగలలేదు, పేడనీళ్ళు పడలేదు. ముసలాయన గోనెపట్ట ఒక మూలకు ముడుచుకుని ఉంది. పక్కింటి వైపు నుంచి మా ఇంటి వైపుకు ఆ జాగాను చీల్చుకుంటూ ఒక లోతైన గాడి ఉంది.

"సూడుండ్రి" అని పంచులను పిలిచాడు. "తిరిగే టైరు పువ్వులసోంటి అచ్చు ఏసుకుంట పోతది. బ్రేకు పడ్డ టైరు తిరగది. నాగలిసాలు లెక్క నేలను గీరుకుంట పోతది. గిది గీరింది."

సగం గడ్డం ఆయన వంగి చూసి తల ఊపాడు. నాకు కూడా అర్థమైంది. లారీ వచ్చింది పటాన్‌చెరు నుంచి. ముందు పక్కిల్లు, తర్వాత ఈ జాగా, ఆ తర్వాత మా ఇల్లు. మా ఇల్లు చూస్తూ నడిపితే బ్రేకు మా ఇంటి ముందు పడాలి. ఇది మా ఇల్లు రాకముందే పడింది. నా తమ్ముడు ముందు చూస్తూనే నడిపాడు! ఆ గాడిని మొక్కాలనిపించింది నాకు.

ఎస్సై దుమ్ము దులుపుకుని లేచాడు. "గని గిది ఇయ్యాలదే అని ఎట్ల? నిన్న ఇంకో లారి గీరిందో ఏమో. లేకుంటె పొద్దుగాల్నుంచి ఇంట్ల పార ఉన్నది, గడ్డపార ఉన్నది, డ్రైవరేమో మీ సుట్టం."

"మేము గీకినమంటరా?" నాకు ఒళ్ళు మండింది.

"నేనంటలేనమ్మా. రేపు కోర్టుల అంటరు. అక్క మాట, అక్క అత్త మాట ఆడ చెల్లది." ఆయన పక్కింటి అరుగు వైపు చూశాడు. "ఆ ఇంటోళ్లు చెప్తె చెల్లుతది."

ఊరంతటిలో ఎవరి నోటి మాట మాకు దక్కదో, సరిగ్గా ఆ నోటికే మా తమ్ముడి బతుకు వెళ్ళి చిక్కుకుంది.  పెద్దమ్మ అరుగు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. "నాకేం తెల్వది" అంది, అడగకముందే.

నాకు భయమేసింది. కోపం కూడా రానంత భయం. వాణ్ణి జీపెక్కించి తీసుకుపోతే, ఏళ్ళ తరబడి జైల్లో పెడితే, వాడు ఏమైపోతాడు? నేనేమైపోతాను? ఆలోచించకుండా ఆ జాగా పక్కనుంచి తిరిగి వెళ్ళి పెద్దమ్మ అరుగు ముందు నిలబడ్డాను. కాపురానికి వచ్చాక ఆ గుమ్మం ముందుకు పోవడం అదే మొదలు.

"పెద్దమ్మా, నాకు వాడు తప్ప పుట్టింటోళ్లు ఎవ్వలు లేరు. నువ్వు సూసింది చెప్పు. సూడంది చెప్పొద్దు."

ఆమె నా మొహం చూసింది, ఎస్సై మీసాలు చూసింది, ఆ జాగా చూసింది. "చెప్త" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "గని ముందుగాల ఆ జాగ నాదని రాయాలె."

"నేను పట్వారీని గాదవ్వా!" అని ఎస్సై అరిచాడు.

"రాస్తెనే చెప్త. ఆ జాగ నాదే. ముసలాయన నాకు కిరాయి గుడ కట్టిండు."

"ఏం కిరాయి?"

"పొద్దుగాల గంప దించంగనే అన్నిట్ల పెద్ద పండు తీసి నా కొంగుల ఏసేటోడు. నీ జాగకు కిరాయి దొరసానీ, ఎవ్వలకు చెప్పకు అని."

"అబద్ధం!" మా అత్తమ్మ లేచింది. పుంజు లేదు, బర్రె లేదు; ఏళ్ళ తర్వాత నేరుగా ఆమెతోనే మాట్లాడింది. "నాకు కట్టిండు కిరాయి. రోజు పెద్ద పండు. నీ జాగ దొరసానీ అనే ఇచ్చిండు. ఎవ్వలకు చెప్పకు అన్నడు."

"నాకు గుడ గదే అన్నడు."

"నాకు గుడ."

ఇద్దరూ ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎస్సై జవానును చూశాడు. సగం గడ్డం ఆయనకు నవ్వొచ్చి, సబ్బు నురగ లోపలికి పోయి దగ్గు పట్టుకుంది.

"దొంగ ముసలోడు!" అంది పెద్దమ్మ. నవ్వు మొదలుపెట్టింది, అది ఏడుపై ఆగింది. "ఇద్దర్ని ఎంత సల్లగ సూసుకున్నడే."

మా అత్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎస్సై వైపు తిరిగి, "ఆమెదే అని రాయి సారూ. జాగ పోతె పోయింది. పిలగాడు ఇంటికొస్తె సాలు" అంది.

నేను విన్నది నిజమేనా అని మా అత్తమ్మను చూస్తూ ఉండిపోయాను. పుట్టింటి నుంచి తెచ్చిన ఇత్తడి బిందె పోయినా అంత బాధపడని మనిషి, ఆ మూరెడు నేల కోసం తిండి మానేసిన మనిషి, నా తమ్ముడి కోసం దాన్ని వదిలేసింది. ఆమెను అంతకుముందు నేను లోలోపల ఎన్ని తిట్టానో! ఆ ఒక్క మాటకు ఆమె కాళ్ళు పట్టుకుని ఏడవాలనిపించింది.

పెద్దమ్మకు మాత్రం కోపమొచ్చింది. "నువ్వు దానం చేస్తె నేను తీసుకుంటనా? ఏమనుకున్నవే నన్ను?" అని మా అత్తమ్మ మీద లేచి, అదే ఊపులో ఎస్సైతో, "నాది గాదు, ఆమెది గాదు. గది ముసలోని జాగ. గట్లనే రాయి" అంది.

"గట్లనే రాస్త. ఇగనన్న చెప్పు" అన్నాడు ఎస్సై, ఓపిక నశించి.

చెప్పింది. ఆపకుండా చెప్పింది. "పొద్దుగాల లేవంగనే నేను ముందుగాల సూసేది ఆ జాగనే. దేవుని మొకం తర్వాత. ఈమె రాయి జరిపిందేమో, చీపురు పెట్టిందేమోనని. నిన్న పొద్దూకంగ గాడి లేదు. ఇయ్యాల పొద్దుగాల లేదు. లారి వచ్చినంకనే పడ్డది. పడ్డకాడి నుంచి ఎవ్వలు దాని దరికి పోలే. సాన్పు చల్లుకుంట గుడ దాన్నే సూసిన, ఈమె నీళ్లు ఇటు దాటుతయేమోనని."

"బ్రేకేయలేదు, అక్కను సూస్తున్నడు అని పొద్దుగాల నువ్వే అన్నవంట?"

ఆమె తల దించుకుంది. "కోపంల అన్న. అక్కకు కొట్టే హారన్ నాకెరుకనే, రోజు నా పగటి నిద్ర చెడగొట్టేది గదే గద. పీ పీ అని రెండు. ఇయ్యాల ఒక్కటే కొట్టిండు, పొడుగ్గ. అది అక్కకు కొట్టింది గాదు. ముసలోనికి కొట్టింది."

జవాను టేపు పరిచాడు. గాడి పొడవు, లోతు, తారు నుంచి దూరం కొలిచారు. ఊరి చివర లారీ టైర్లలో ఇరుక్కున్న మొరం కూడా చూసి రాసుకున్నారు. పంచనామాలో ఆ చోటును 'మృతుడు కూర్చునే జాగా' అని రాశారు. పంచులు వేలిముద్రలు వేశారు. ఆ తర్వాత మంగలి మిగిలిన సగం గడ్డం పూర్తి చేశాడు. మా వాణ్ణి జీపెక్కించుకుని పోయారు, కాని ఎస్సై ఎక్కేముందు నాతో, "ఫికర్ చెయ్యకమ్మా, జామీను దొరుకుతది" అన్నాడు.

పొద్దుగూకే వేళకు ముసలాయన భార్య వచ్చింది. "ఎక్కడ?" అని అడిగింది. వాకిళ్ళు ఆరిపోయి ఉన్నాయి, చూపించడానికి ఏమీ లేదు. మా అత్తమ్మ ఒక రెక్క, పెద్దమ్మ ఒక రెక్క పట్టుకుని ఆమెను గోనెపట్ట దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టారు.

కేసు సంగారెడ్డి కోర్టులో నడిచింది. వాయిదాలకు మా అత్తమ్మ, పెద్దమ్మ ఒకే బస్సులో పోయి, ఒకే సద్దిమూట విప్పుకుని తిని వచ్చేవాళ్ళు. దారి పొడుగునా కొట్లాడుకునేవాళ్ళు కూడా, కాని నేరుగా. బోనులో నిలబడి పెద్దమ్మ అదే మాట చెప్పింది. మాకు పడని ఇంటివాళ్ళే మా వాడి వైపు చెప్పారు గనుక జడ్జిగారు నమ్మారని మా వకీలు అన్నాడు. మా వాణ్ణి వదిలేశారు.

వాడు మళ్ళీ లారీ ఎక్కాడు. ముసలాయన భార్య అదే గంపతో అదే గోనెపట్ట మీద వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఆమె కూడా ఇద్దరినీ అడిగింది. "మమ్ముల అడుగుతవేంది, నీ జాగకు నువ్వు కూసుంటందుకు?" అని ఇద్దరూ ఒక్కసారే కసిరారు.

కాని మా వాడి హారన్ ఆగిపోయింది. లారీ చప్పుడు దూరంగా వినపడేది, ఊరు దగ్గరికి రాగానే మెల్లబడేది, మా ఇంటి ముందు నుంచి దొంగలా జారిపోయేది. నేను రొట్టె చేతిలో పట్టుకుని విని, మళ్ళీ పెనం మీద వేసుకునేదాన్ని. తిట్టడానికి కూడా ఏమీ ఉండేది కాదు. ఎన్ని నెలలు అలా గడిచాయో లెక్కపెట్టలేదు. నాలో నేనే కుమిలిపోయాను.

ఒకరోజు లారీ అలాగే మెల్లగా వస్తుంటే ముసలామె లేచి సడక్ అంచున నిలబడి చెయ్యెత్తింది. నేను గుమ్మంలో ఉన్నాను. మా వాడు లారీ ఆపి, దిగి, తల వంచుకుని ఆమె ముందు నిలబడ్డాడు. ఏమంటుందోనని నేను గడప దిగాను.

"ఏంది బిడ్డా, గట్ల మొకం చాటేసుకుని పోతవ్?" అంది ఆమె. "ఆయన ఉన్నప్పుడు ఇంటికొచ్చి చెప్పేటోడు, పిలగాడు అక్కకు రోజు హారన్ కొడ్తడని. మీ అక్క గిప్పటికి పని ఆపి నీ లారి సప్పుడు ఇంటనే ఉంటది. నేను గీడ నుంచి సూస్తలేనా? కొట్టు."

గంపలోంచి అన్నిట్లోకి పెద్ద సీతాఫలం తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత లారీ ఎక్కాడు. లారీ కదిలింది. అప్పుడు పీ పీ అని రెండుసార్లు, పొట్టిగా వినపడింది.

"మెల్లగ పోరా గాడిదా!" అని అరిచాను, నా గొంతు నాకే వినపడనంతగా ఏడుస్తూ.